సీఆర్పీ ఒకసారి చూస్తే చాలదు

మా జిల్లా ఆసుపత్రి ల్యాబ్‌కి ఎస్‌ఎన్‌సీయూ (జబ్బు చేసిన పసికందుల వార్డు) నుంచి సాంపిల్ వచ్చిందంటే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు దాని పని చూస్తాం. కిలో బరువున్న బిడ్డ ఒంట్లో ఉండే మొత్తం రక్తమే 80, 90 మిల్లీలీటర్లు. రక్తంలో క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ బాటిల్‌కే అందులోంచి ఒక మిల్లీలీటరు పోతుంది. చెయ్యి జారి ట్యూబు పగిలితే, మళ్లీ గుచ్చి తెమ్మని సిస్టర్‌కి చెప్పడానికి నోరు రాదు.

సెప్సిస్ స్క్రీన్, అంటే బిడ్డ రక్తానికి ఇన్ఫెక్షన్ పాకిందేమో చూసే పరీక్షల కింద ఐదు చూస్తాం: తెల్లకణాల సంఖ్య, న్యూట్రోఫిల్స్, వాటిలో ఇంకా ఎదగని కణాల వాటా, మైక్రో ఈఎస్‌ఆర్ (ఎర్రకణాలు ఎంత వేగంగా కిందికి దిగుతాయో), సీఆర్పీ (ఇన్ఫెక్షన్ ఉంటే రక్తంలో పెరిగే ఒక ప్రొటీన్). రెండింటిలో తేడా వస్తే పాజిటివ్ అని రాస్తాం. మైక్రో ఈఎస్‌ఆర్‌కి మెషీన్ అక్కర్లేదు. మడమ గుచ్చి, 75 మిల్లీమీటర్ల సన్నటి గాజు గొట్టంలోకి రక్తం ఎక్కించి, అడుగు బంకమట్టితో మూసి నిటారుగా నిలబెట్టాలి. గంటయ్యాక స్కేలు పెట్టి చూస్తే ఎర్రకణాలు 15 మిల్లీమీటర్లు దాటి దిగాయంటే అనుమానమే. గొట్టం కాస్త ఒరిగినా లెక్క ఎక్కువొస్తుంది, అందుకే ఆ బల్లకి ఎవర్నీ ఆననివ్వను.

ఇన్ని చేసినా బంధువులు అడిగేది మాత్రం సీఆర్పీ ఒక్కటే. మొన్నొక పెద్దాయన కిటికీలోంచి రెండు కాగితాలు లోపలికి తోసి, "నిన్న పాయింట్ ఏడు, ఇవాళ ఆరున్నర. రాత్రికి రాత్రే అంత ఎలా పెరిగింది బాబూ?" అన్నాడు. మొదటి రిపోర్టు మాది, డెసీలీటరుకి ఇన్ని మిల్లీగ్రాములని. రెండోది బయట చేయించింది, లీటరు లెక్క. మా 0.7 అంటే వాళ్ల లెక్కలో 7. "పెరగలేదు తాతగారూ, కాస్త తగ్గింది" అని కాగితం వెనకాల గుణించి చూపిస్తే గానీ నమ్మలేదు. లీటరుకి 10 దాటితేనే మామూలుగా పట్టించుకుంటారు.

అయితే మొదటి రిపోర్టు నార్మల్ వచ్చిందని సంబరపడటానికీ లేదు. సీఆర్పీని తయారుచేసేది లివర్. ఇన్ఫెక్షన్ మొదలైన ఆరేడు గంటలకు గానీ అది రక్తంలో పెరగడం మొదలవదు, పూర్తిగా పైకెక్కడానికి ఒకటి రెండు రోజులు. కష్టకాన్పు అయినా, ఉమ్మనీరు ముందే పోయినా, ఇన్ఫెక్షన్ లేకుండానే పెరగొచ్చు. అందుకే 24 గంటలకి రెండోసారి పంపిస్తారు. రెండుసార్లూ తక్కువే ఉండి, కల్చర్‌లో ఏమీ పెరగక, బిడ్డ పాలు బాగా తాగుతుంటే డాక్టరుగారు యాంటీబయాటిక్ ఆపేస్తారు. నన్నడిగితే ఈ టెస్టు అసలు ఉపయోగం అక్కడే, మందు మొదలుపెట్టడంలో కాదు. నీరసంగా ఉన్న పసికందుకి సూది వెయ్యడానికి ఏ డాక్టరూ మా రిపోర్టు కోసం ఆగరు, ఆగకూడదు కూడా.

ఇలాగే ఇన్ఫెక్షన్ కోసం రక్తంలో చూసే ప్రోకాల్సిటోనిన్ అనేది సీఆర్పీ కంటే త్వరగా పెరుగుతుంది. కాకపోతే పుట్టిన మొదటి రెండు రోజులు ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ అది ఎక్కువే ఉంటుంది, పెద్దవాళ్ల హద్దులు పెట్టి చూస్తే అందరూ జబ్బు పిల్లలే అవుతారు. నెదర్లాండ్స్‌తో పాటు మరికొన్ని దేశాల్లో 1,700 మందికి పైగా శిశువుల మీద జరిగిన ట్రయల్ ఫలితాలు 2017లో వచ్చాయి. ఆ టెస్టును బట్టి మందు ఆపితే యాంటీబయాటిక్ వాడకం 65 గంటల నుంచి 55కి తగ్గిందట. మంచిదే. మాకు మాత్రం ప్రస్తుతానికి సీఆర్పీ రీఏజెంట్ (పరీక్షకి వాడే రసాయనం) నెలాఖరుదాకా వస్తే అదే పదివేలు.