పేరులోనే డబ్బుంది

ఆయిస్టర్స్ (ఆల్చిప్పలు) రాక్‌ఫెల్లర్ అనే వంటకం పేరు వినగానే కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్ వంటింట్లో పుట్టిందేమో అనుకున్నాను, కాదట. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో 1840 నుంచీ నడుస్తున్న ఆంట్వాన్స్ రెస్టారెంట్‌లో, 19వ శతాబ్దం చివర్లో జూల్స్ అల్సియాటోర్ తయారుచేశాడు. ఫ్రాన్స్ నత్తలు దొరక్క ఇబ్బందిగా ఉంటే, దగ్గర్లో దొరికే ఆయిస్టర్లని సగం చిప్పలోనే ఉంచి, పైన ఆకుపచ్చటి వెన్న సాస్, బ్రెడ్ పొడి వేసి బేక్ చేశాడు. సాస్ ఎంత రిచ్‌గా ఉందంటే, అప్పట్లో అమెరికాలో అందరికంటే ధనవంతుడైన జాన్ డి. రాక్‌ఫెల్లర్ పేరే పెట్టేశాడు (మంచి మార్కెటింగ్ బుర్ర!).

అసలు రెసిపీ మాత్రం ఇప్పటికీ రహస్యమే. బయట అందరూ పాలకూర వేసేస్తారు, ఆంట్వాన్స్ వాళ్లేమో మా దాంట్లో పాలకూరే లేదంటారు. మరి ఆ పచ్చదనం ఎక్కడిదో చెప్పరు! పార్స్‌లీ (కొత్తిమీరలాంటి ఆకు) అయ్యుంటుందని నా అనుమానం.