బ్యాటరీ లేని రేడియోతో ఏరియల్ అర్థమైంది

ఏరియల్ తరంగాలను పట్టుకుంటుందని చదువుకున్నాను గానీ, ఉత్త రాగి తీగలో వోల్టేజీ ఎలా పుడుతుందో నాకు మనసుకెక్కలేదు. అందుకే క్రిస్టల్ సెట్ అనే సాదా రేడియో కట్టాను. దానికి బ్యాటరీ ఉండదు. చెవికి వినపడే ప్రతి మాటకూ శక్తి తరంగం నుంచే రావాలి.

మాది హైదరాబాద్. ఆకాశవాణి 738 కిలోహెర్ట్జ్ మీద గురిపెట్టాను. ఆ తరంగదైర్ఘ్యం సుమారు 406 మీటర్లు. దాని ముందు డాబా మీది తీగ ఎంత! అయినా చాలు. తరంగంలోని విద్యుత్ క్షేత్రం తీగలోని ఎలక్ట్రాన్లను సెకనుకు 7,38,000 సార్లు పైకీ కిందికీ ఊపుతుంది. క్షేత్రం మీటరుకు 10 మిల్లీవోల్టులుండి, తీగకు పనికొచ్చే ఎత్తు 5 మీటర్లుంటే 50 మిల్లీవోల్టులు పుడతాయి. మీడియం వేవ్ టవర్ పంపే క్షేత్రం నిలువుగా ఉంటుంది కాబట్టి అడ్డంగా లాగిన పొడవు కన్నా ఎత్తే ముఖ్యం. వెదురు గడ కట్టి తీగను పైకి లేపాక మాట స్పష్టంగా గట్టిపడింది. కరెంటు తీగలకు దూరంగా కట్టాలి, ఉరుములు మొదలవకముందే సెట్ నుంచి తీసేసి ఎర్త్‌కు కలిపెయ్యాలి.

తరంగంలోంచి మాటను విడదీసే జెర్మేనియం డయోడ్‌కు 50 మిల్లీవోల్టులు చాలవు, 0.2 వోల్టుల దగ్గరికి వస్తేనే అది బాగా పనిచేస్తుంది. (జగదీశ్ చంద్ర బోస్ గెలీనా అనే సీసపు ఖనిజంతో తరంగాలను పసిగట్టే డిటెక్టర్ పేటెంటుకు 1901లోనే దరఖాస్తు చేశారు. ఈ డయోడ్ చేతిలో పట్టుకున్నప్పుడల్లా అది గుర్తొచ్చి గర్వంగా ఉంటుంది.) ఆ లోటు తీర్చేది కాయిల్, స్టేషన్ పట్టడానికి తిప్పే గ్యాంగ్ కండెన్సర్. ఊయలను సరైన సమయానికి చిన్నగా తోస్తుంటే ఊపు పెరిగినట్టు, ట్యూన్ కుదిరిన చోట వోల్టేజీ ఎన్నో రెట్లవుతుంది. పీవీసీ పైపు మీద ఎనామిల్ తీగ చుట్టి, డయోడ్‌ను కాయిల్ మధ్యలోంచి తీసిన ట్యాప్‌కు కలిపాను. పై కొసకు కలిపితే డయోడే ఊపును తినేస్తుంది.

ఎక్కువ సమయం పట్టింది ఏరియల్ కలిపాకే. తీగకూ నేలకూ మధ్య ఉండే కెపాసిటెన్స్ (ఛార్జిని నిలవ చేసే గుణం) కూడా లెక్కలోకొచ్చి స్టేషన్ గ్యాంగ్ మీద పక్కకు జరిగింది. ఏరియల్‌కూ కాయిల్‌కూ మధ్యలో చిన్న కండెన్సర్ పెడితే చోటుకొచ్చింది. బోరు ఇనుప కేసింగ్‌కు ఎర్త్ కలిపాక మల్టీమీటర్‌లో డీసీ వోల్టేజీ పెరగడం కళ్లారా చూశాను. ఎర్త్ అంటే ఏరియల్‌కు రెండో సగమన్నమాట.

ఇప్పుడు ఫెరైట్ కడ్డీ మీద కాయిల్ చుడుతున్నాను. అందులో వోల్టేజీని పుట్టించేది మారే అయస్కాంత క్షేత్రం. కడ్డీ కొసను స్టేషన్ వైపు తిప్పితే మాట దాదాపు మాయమవుతుంది.