బాలింతను మనసెట్లుందని అడగండి

అమెరికాలో కాన్పు అనగానే మిర్యాలగూడలో మావాళ్లు మొదట అడిగేది "అమ్మ పోతుందా, అత్తమ్మ పోతుందా?" అనే. ఆ ప్రశ్నలో ఉన్నదంతా ప్రేమే. మా అమ్మ డాలస్ వచ్చి బాలింతకు చేయాల్సినవన్నీ చేసింది. చెవుల్లో దూది, వేడినీళ్ల స్నానం, వెల్లుల్లి కారం కలిపిన మెత్తటి అన్నం. ఇరవై ఒకటో రోజు దాకా నన్ను చీపురు కూడా పట్టనియ్యలేదు.

అయినా నా మనసు బాగుపడలేదు. పాప పడుకున్నా నాకు నిద్ర పట్టేది కాదు. ఎత్తుకుంటే జారవిడుస్తానేమోనని భయం. "పాలిచ్చే తల్లి ఏడ్వొద్దు బిడ్డా" అని అమ్మ అంటుందని బాత్రూంలో నల్లా తిప్పి ఏడ్చేదాన్ని.

పాప టీకాలకు వెళ్లిన రోజు పిల్లల డాక్టర్ దగ్గర నా చేతికో కాగితం ఇచ్చారు. ఎడిన్‌బరో స్కేల్ అంటారు, కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌ను పసిగట్టడానికి. 1987 నాటిది, పది ప్రశ్నలు. గత ఏడు రోజుల్లో నవ్వగలిగారా, కారణం లేకుండా కంగారు పడ్డారా, ఏడుపు వచ్చిందా... చివరిది, మీకు మీరే హాని చేసుకోవాలనిపించిందా అని. పక్కన కూర్చున్న అమ్మ "ఏం రాసిన్రు అండ్ల?" అంటే ఒక్కొక్కటే తెలుగులో చదివి చెప్పాను. సగంలోనే అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తమ్ముడు పుట్టినప్పుడు తనకూ ఇట్లనే ఉండేదట. గాలి సోకిందని తాయెత్తు కట్టించారట. "మమ్మల్ని ఇట్ల ఎవరడిగిన్రు బిడ్డా" అంది.

పథ్యాన్ని నేను తప్పుపట్టను. వేళకు తిండి, విశ్రాంతి, చుట్టూ మనుషులు మనసుకూ మేలే. కానీ అవన్నీ ఉన్నా డిప్రెషన్ వస్తుంది. కాన్పైన రెండు మూడు రోజులకు మొదలయ్యే ఏడుపు చాలామందికి రెండు వారాల్లో తగ్గిపోతుంది. తగ్గలేదంటే డాక్టర్‌కు చెప్పాల్సిందే. థైరాయిడ్ వల్ల కూడా అట్లా ఉండొచ్చు కాబట్టి రక్తపరీక్ష అడగాలి. పాలిస్తూ వాడగలిగే మందులున్నాయి, నేనూ వాడాను. లేని మాటలు వినిపించినా, విపరీతమైన అనుమానాలు మొదలైనా మాత్రం అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇంకో గండం ఉంది. విజిటర్ వీసా మీద అమెరికా వచ్చిన అమ్మకు మామూలుగా ఆరు నెలలే గడువు. డిప్రెషన్ మాత్రం మొదటి ఏడాదిలో ఎప్పుడైనా రావచ్చు. అమ్మ విమానం ఎక్కే తేదీ డాక్టర్‌కు ముందే చెప్పి, ఆ వారానికి అపాయింట్‌మెంట్ పెట్టుకోండి. ఈ డిప్రెషన్ తండ్రులకూ వస్తుంది. రాత్రంతా పాపతో మేలుకొని పొద్దున ఆఫీసుకు పోయే మా ఆయనను ఎట్లున్నావని అడిగినవాళ్లు లేరు.

మా పాప ఇప్పుడు బడికి పోతోంది. దిగులు, కోపం, భయం ఏదైనా దాచుకోకుండా చెప్పడం అక్కడ నేర్పుతారు. వీడియో కాల్‌లో "అమ్మమ్మా, ఇయ్యాల దిగులుగున్నవా?" అని అడిగేస్తుంది. అమ్మ మొదట్లో నవ్వి మాట మార్చేది, ఇప్పుడు నిజమే చెప్తోంది.

ఇంట్లో చెప్పుకోలేనివాళ్లు ఇండియాలో అయితే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. రాత్రి పగలు ఎప్పుడైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. అమెరికాలో తల్లుల కోసమే ఉన్న నంబర్ 1-833-852-6262.