మారతహళ్లిలో పదకొండు మెట్లు

కిందటి ఆగస్టులో మూడు రోజుల సెలవులు కలిసి రావడంతో తిరుపతి నుంచి బెంగళూరుకు, మారతహళ్లిలో ఉంటున్న మా చెల్లెలి ఇంటికి బయలుదేరాను. పాతికేళ్లుగా డిగ్రీ కళాశాలలో స్టాటిస్టిక్స్ చెబుతున్నదాన్ని కనుక, సంచిలో గోంగూర పచ్చడి సీసాల పక్కన ఒక ప్రశ్న అచ్చువేసిన కాగితాలు కూడా పెట్టుకున్నాను. అది 1965లో హ్యాడ్లీ క్యాంట్రిల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చిన నిచ్చెన ప్రశ్న. సున్నా నుంచి పది వరకు అంకెలు వేసిన నిచ్చెన ఒకటి ఉందనుకోండి. పై మెట్టు మీకు సాధ్యమైనంతలో అన్నిటికంటె మంచి బతుకు, అడుగు మెట్టు అన్నిటికంటె చెడ్డ బతుకు. మీ మటుకు మీరు ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నారనుకుంటున్నారు? గ్యాలప్ సంస్థ ఒక్కో దేశంలో ఏటా సుమారు వెయ్యి మందిని ఈ ప్రశ్న అడుగుతుంది. మూడేళ్ల జవాబుల సగటు తీసి దేశాలను వరుసలో నిలబెట్టే ప్రపంచ ఆనంద నివేదిక 2012 నుంచి వెలువడుతున్నది. 2025 నివేదికలో 147 దేశాలకు గాను ఫిన్లాండ్ వరుసగా ఎనిమిదోసారి మొదటి స్థానంలో, మన దేశం 118వ స్థానంలో ఉన్నాయి. ఏటా మార్చిలో ఈ సంఖ్య పత్రికలకెక్కినప్పుడు మా స్టాఫ్ రూములో అరగంట సేపు కోప్పడి మళ్లీ పాఠాలకు పోతాం తప్ప, ఆ ప్రశ్నను తెలుగులో ఒక్కరినైనా అడిగి చూద్దామని మాకెవరికీ తోచలేదు.

బస్సు పలమనేరు, ముళబాగిలు, కోలారు దాటి హొసకోట వరకు చక్కగా నడిచింది. నేను టిన్ ఫ్యాక్టరీ దగ్గర దిగి, చెల్లెలు పంపిన ఆటో ఎక్కి, ఔటర్ రింగు రోడ్డు మీద తొమ్మిది కిలోమీటర్లకు మించని దూరం వెళ్లడానికి గంటా పది నిమిషాలు పట్టింది. ఆ గంటలో నాకు కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ వారి జీవన సౌలభ్య సూచీ గుర్తుకు వచ్చింది. 2018లో 111 నగరాలకు ఇచ్చిన ఆ ర్యాంకులలో మా తిరుపతి నాలుగవది, బెంగళూరు 58వది. 2021 మార్చిలో విడుదల చేసిన 2020 సూచీలో మాత్రం పది లక్షలు దాటిన జనాభా గల నగరాలలో బెంగళూరే మొదటిది. అంతకు ముందు, 2019కి గాను, ట్రాఫిక్ రద్దీలో ప్రపంచంలోనే మొదటి స్థానమని టామ్‌టామ్ అనే నావిగేషన్ సంస్థ లెక్కగట్టిన నగరం కూడా ఇదే. ఈ రెండూ అబద్ధాలు కావు. జీవన సౌలభ్యపు లెక్కలో ఉపాధి, చదువు, ఆరోగ్యం, పర్యావరణం వంటివాటికి పెద్ద వాటా పోగా, ప్రజల అభిప్రాయానికి 30 శాతమే మిగిలింది. రెండేళ్లలో నగరం మారిందో, కొలబద్ద మారిందో విడదీసి చెప్పమంటే నా విద్యార్థులు తడబడతారు, నేనూ తడబడతాను.

మొదటి కాగితం మా మరిదికే ఇచ్చాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వానలో తడిసి రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరాడు. తడిసిన మనిషిని అడగకూడదని నాకు తెలుసు. 1983లో నార్బర్ట్ ష్వార్ట్జ్, జెరాల్డ్ క్లోర్ అనే పరిశోధకులు జనానికి ఫోను చేసి అడిగితే, ఎండ కాసిన రోజున వారు తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తిని, వాన రోజున తక్కువ తృప్తిని తెలిపారట. ముందుగా వాతావరణం సంగతి ప్రస్తావిస్తే ఆ తేడా పోయిందట. తరువాతి కాలపు పెద్ద సర్వేలలో ఈ ప్రభావం అంత స్పష్టంగా కనిపించలేదు గానీ, పాఠం చెప్పేవాళ్లకు అది వదులుకోలేని ఉదాహరణ. అందుకని భోజనాలయ్యే వరకు ఆగాను. ప్రశ్న విన్నాక అతను ముందు మా చెల్లెలి వైపు, ఆ తరువాత హోంవర్క్ రాసుకుంటున్న కొడుకు వైపు చూసి, "ఏడు వేసుకో వదినా" అన్నాడు. పదిన్నరకు నేను బాల్కనీలో బట్టలు తీస్తుంటే వచ్చి, గొంతు తగ్గించి, "నిజానికి అయిదే. ఏడు మా ముగ్గురిదీ కలిపి" అన్నాడు.

మరునాడు పక్క వీధిలో పీజీ హాస్టలు, దాని కింద మెస్సు నడుపుతున్న ఉదయగిరి పెద్దమనిషిని అడిగాను. పప్పులోకి నెయ్యి వడ్డిస్తూ ఆయన ప్రశ్నను రెండుసార్లు చెప్పించుకున్నారు. "నా మటుకు నేనంటే ఎట్లా మేడం? పాప పెళ్లి సెటిలైతే తొమ్మిది. కాకుంటే నాలుగు. ఈ నెల గదులన్నీ నిండాయి కాబట్టి మధ్యలో ఏదో ఒకటి రాసుకోండి." ఆ మధ్యలో అన్న జవాబును అంకెగా మార్చే అధికారం నాకు లేదు కాబట్టి గడి ఖాళీగా వదిలాను. "మీ మటుకు మీరు" అన్న అనువాదం మీద నాకు కొంత గర్వం ఉండేది. అది ఆ పూటతో తగ్గింది. మెస్సు భోజనం మాత్రం బాగుంది.

ఆదివారం ఉదయం లాల్‌బాగ్‌కు వెళ్లాం. 240 ఎకరాల ఆ తోటలో, కెంపేగౌడ గోపురం నిలిచిన రాతిగుట్ట మీద కూర్చుని మా చెల్లెలు, పదకొండేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నా ఇక్కడికి రావడం ఇది రెండోసారి అని చెప్పింది. ఊళ్లో తోట ఉన్నదన్న సంగతి ఏ సూచీకైనా సులువుగా దొరుకుతుంది; తోట దాకా రాగల తీరిక మనిషికి ఉన్నదా అన్న ప్రశ్నను మాత్రం భూటాన్ వాళ్లే గట్టిగా పట్టుకున్నారు. స్థూల జాతీయోత్పత్తి కంటె స్థూల జాతీయ ఆనందమే ముఖ్యమని వారి నాలుగవ రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ 1970లలో అన్న మాట, ఆ తరువాత 9 రంగాలు, 33 సూచికలు గల కొలతగా రూపుదిద్దుకున్నది. అందులో కాల వినియోగం ఒక రంగం. ఎన్ని గంటలు పనిచేశారు, ఎన్ని గంటలు నిద్రపోయారు అని అడుగుతారు. ఎవరినైనా సుఖంగా ఉన్నారా అని అడిగితే మర్యాద కొద్దీ జవాబు వస్తుంది, ఎంతసేపు పడుకున్నారని అడిగితే లెక్క వస్తుంది.

ఆ సాయంత్రం దీన్ని అపార్టుమెంటు వాచ్‌మన్ భార్య దగ్గర పరీక్షించాను. కదిరి వైపు పల్లె నుంచి వచ్చిన ఆవిడ నాలుగిళ్లలో పనిచేస్తుంది. నిచ్చెన గురించి చెబితే నవ్వి, "పదే రాసుకోమ్మా, నాదేం పోతాది" అంది. అప్పుడు కాగితం మడిచి, నీకు జ్వరమొచ్చి పడుకుంటే వచ్చి చూసేవాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది ఉన్నారమ్మా అని అడిగాను. ఆవిడ నవ్వు ఆపి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, బొటనవేలితో కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. చిటికెన వేలి మొదటి కణుపు దగ్గర ఒక పేరు, రెండో కణుపు దగ్గర ఇంకో పేరు చెప్పింది. మూడో కణుపు మీద వేలు పెట్టి కాసేపు ఉంచి, "ఆ యమ్మ మొన్ననే ఊరికి పోయిందిలే" అని తీసేసింది. మీ ఊళ్లో అయితే? అంటే లెక్కపెట్టనే లేదు. "ఊళ్లో లెక్కేంది మా" అంది. ఇదే ప్రశ్నను గ్యాలప్ వాళ్లూ అడుగుతారు గానీ, కష్టమొస్తే ఆదుకునేవారు ఉన్నారా లేరా అని మాత్రమే. ఉన్నారంటే ఒకటి, లేరంటే సున్నా. ఆవిడ మూడో కణుపు మీద వేలు నిలిపిన ఆ కాసేపు ఆ లెక్కలోకి రాదు.

తిరుగు ప్రయాణంలో ముళబాగిలు దగ్గర బస్సు టీకి ఆగినప్పుడు కాగితాలు బయటికి తీసి పట్టిక గీశాను. మా మరిది పేరు ఎదుట గడిలో ఏడు వేసి, పెన్సిలుతో పక్కన అయిదు కూడా వేశాను. కళాశాల కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు గడికి ఒక అంకే పడుతుంది కనుక రెంటిలో ఒకటి తీసేయక తప్పదు. పలమనేరు దాటేవరకు రబ్బరు చేతిలోనే ఉంది. అయిదు చెరిపితే మరిది చెప్పినది పోతుంది. ఏడు చెరిపితే, చెప్పేముందు అతను చూసిన ఆ ఇద్దరూ పోతారు.