వీటోను తగ్గించమని రాయడానికి పడిన పాట్లు

ఐక్యరాజ్యసమితి సంస్కరణలపై మా పౌర సంస్థల కూటమి విడుదల చేయదలచిన ఉమ్మడి ప్రకటనకు ముసాయిదా రాసే పని నాకు అప్పగించారు. అది నిన్న రాత్రే ఖరారైంది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి మాటల్లో కాస్త కరుకుదనం కనిపిస్తే మన్నించాలి.

పీఠిక ఒక్క పూటలో తేలిపోయింది. అంతర్జాతీయ న్యాయస్థానం తప్పనిసరి అధికార పరిధిని భద్రతా మండలి ఐదు శాశ్వత సభ్య దేశాల్లో నేడు అంగీకరించి ఉన్నది బ్రిటన్ ఒక్కటేనన్న పేరాకూ ఎవరూ అడ్డు చెప్పలేదు. చిక్కంతా వీటో దగ్గరే, అంటే మండలి నిర్ణయాన్ని ఆ ఐదింటిలో ఏ ఒక్కటైనా కాదని ఆపేయగల అధికారం దగ్గరే వచ్చింది.

కొందరు వీటోను పూర్తిగా రద్దు చేయాలని పట్టుబట్టారు. ఐక్యరాజ్యసమితి మూల ఒప్పందమైన చార్టర్ 108వ అధికరణం ప్రకారం సవరణ ఏదైనా సర్వప్రతినిధి సభలో మూడింట రెండు వంతుల ఓట్లతో నెగ్గాలి. ఆపైన ఐదు శాశ్వత సభ్య దేశాలు సహా మూడింట రెండు వంతుల దేశాలు దాన్ని ధ్రువీకరించాలి. అంటే వీటోను తీసేయడానికి వీటో ఉన్నవాళ్లే ఒప్పుకోవాలి. భద్రతా మండలి సభ్యత్వం ఇంతవరకు పెరిగింది ఒక్కసారే, 1965లో 11 నుంచి 15కు. అదీ తాత్కాలిక స్థానాల్లో మాత్రమే. అందుకే చార్టర్‌ను ముట్టుకోకుండా చేయగలిగినవే రాశాను. సామూహిక అకృత్యాలు జరుగుతున్నప్పుడు వీటోను పక్కన పెట్టాలని 2015లో ఫ్రాన్స్, మెక్సికో తెచ్చిన ప్రతిపాదనను బలపరచడం ఒకటి. వీటో పడిన పది పనిదినాల్లోగా సర్వప్రతినిధి సభ సమావేశం కావాలన్న 2022 ఏప్రిల్ 26 నాటి తీర్మానాన్ని గట్టిగా వాడుకోవడం మరొకటి. అన్నిటికంటే ముఖ్యమైనది 27వ అధికరణం మూడో క్లాజు: వివాదాల శాంతియుత పరిష్కారం గురించిన ఆరో అధ్యాయం కింద జరిగే నిర్ణయాల్లో, వివాదంలో తానే ఒక పక్షమైన దేశం ఓటింగుకు దూరంగా ఉండి తీరాలి. ఇది 1945 నుంచి చార్టర్‌లోనే ఉంది. పాటించమని అడగడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

సరిగ్గా ఆ వాక్యం చుట్టూనే ఒక సభ్య సంస్థ న్యాయ సలహాదారు బ్రాకెట్లు పెట్టారు. బ్రాకెట్లు పడ్డాయంటే ఆ మాటపై అంగీకారం లేదని అర్థం. 'పాటించాలి' అన్నచోట 'పాటించే అవకాశాన్ని పరిశీలించాలి' అని ఉండాలట. చార్టర్ తెరిచి చూపిస్తే, పుస్తకం వంక చూడకుండానే, "మీరు న్యాయశాస్త్రం ఎక్కడ చదివారండీ?" అని అందరి ముందూ అడిగారు. గదిలో ఒకరిద్దరు నవ్వారు. చదువు గురించి అడిగినవారు వాక్యం గురించి మాత్రం ఒక్క కారణమూ చెప్పలేదు.

మా కూటమి నియమం ఏకాభిప్రాయం. ఒక్క సంస్థ కాదన్నా పేరా ఆగిపోతుంది. వీటోను విమర్శించే పత్రాన్ని వీటో చేసే హక్కు అందరి చేతిలోనూ ఉందన్నమాట. చివరికి సమన్వయకర్త మౌన పద్ధతికి వెళ్లారు: గడువులోగా ఎవరూ అభ్యంతరం తెలపకపోతే పాఠం ఆమోదం పొందినట్టే. గడువు శుక్రవారం సాయంత్రం పెట్టారు. ఇంకొద్ది నిమిషాల్లో ముగుస్తుందనగా ఆ సంస్థ నుంచి ఒకే ఒక్క వాక్యంతో మెయిల్ వచ్చింది: "మేం మౌనాన్ని భంగం చేస్తున్నాం." కారణం లేదు, బదులు వాక్యమూ లేదు. వాదించడానికి కూడా ఏమీ మిగల్చని ఆ మెయిల్ ముందు కూర్చోవడం ఆ గదిలోని నవ్వుకంటే ఎక్కువగా నొప్పించింది.

బయటపడే దారి నాకే తట్టింది, చెప్పుకోవడానికి మొహమాటం లేదు. నా మాటలన్నీ తీసేసి, 27వ అధికరణంలోని పదాలనే యథాతథంగా కొటేషన్లలో పెట్టాను. దాని పక్కనే, వీటో పరిధినీ వాడకాన్నీ పరిమితం చేయడంపై చర్చ సహా దాని భవిష్యత్తుపై ఒప్పందానికి కృషి ముమ్మరం చేస్తామని 2024 సెప్టెంబరులో సభ్య దేశాలు 'భవిష్యత్ ఒడంబడిక'లో ఒప్పుకున్న సంగతి చేర్చాను. ఇక కాదనాలంటే నన్ను కాదు, చార్టర్‌నే కాదనాలి. బ్రాకెట్లు తొలగిపోయాయి.

ఇలాంటి పనికి దిగేవారు సొంత పదాల మీద మోజు వదులుకుని, దేశాలు ఇప్పటికే ఒప్పుకున్న భాషను వెతికి పట్టుకోవాలి. మౌన పద్ధతి గడువును ఎట్టి పరిస్థితుల్లోనూ శుక్రవారం పెట్టనివ్వకూడదు. కాదన్నవారు కారణంతోపాటు బదులు వాక్యం కూడా రాసివ్వాలని తొలిరోజే నియమం చేయించుకోవాలి. మా దగ్గర ఆ నియమం వచ్చే ముసాయిదా నుంచి అమల్లోకి వస్తుంది. దాన్నీ మౌన పద్ధతిలోనే పెట్టారు, గడువు దాటేదాకా ఎవరూ నోరెత్తలేదు.