మూడు పెట్టెలు, ఒకటే స్విచ్

నిన్న రాత్రి మా కాలేజీ సర్వర్ రూంలో సిస్కో కాటలిస్ట్ 9300 నెట్‌వర్క్ స్విచ్‌లు మూడు ర్యాక్‌కి ఎక్కించి స్టాక్ చేశాం, అంటే మూడూ కలిసి ఒకటే స్విచ్‌లా పనిచేసేట్టు కలిపాం. ర్యాక్‌కి బిగించడం ఎంతసేపు, నాలుగు స్క్రూల పని. సంగతంతా వెనకాలే ఉంది.

ఒక్కోదానికి వెనక రెండు స్టాక్ పోర్టులు. ఒకటో దాన్నుంచి రెండోదానికి, అక్కణ్ణుంచి మూడోదానికి, మూడోదాన్నుంచి మళ్లీ మొదటిదానికి కేబుల్ తిప్పాలి. ఆ ఆఖరి కేబుల్ లేకపోయినా స్టాక్ లేస్తుంది. అందుకే 'నడుస్తోందిగా' అని వదిలేసేవాళ్లున్నారు. కానీ రింగ్ మూసుకోకపోతే బ్యాండ్‌విడ్త్ (పెట్టెల మధ్య డేటా పోయే సామర్థ్యం) సగమే. పైగా ఉన్నవాటిలో ఒక్క కేబుల్ ఊడిందా, స్టాక్ రెండు ముక్కలు, రెండిటికీ అదే ఐపీ (నెట్‌వర్క్‌లో చిరునామా). ఇక చూస్కోండి గోల! కనెక్టర్ రెండు పక్కలా ఉండే స్క్రూలు వేళ్లతోనే తిప్పి గట్టిగా కూర్చోబెట్టాం.

నాకు భలే సరదాగా అనిపించేది మాత్రం స్టాక్‌కి లీడర్ ఏ పెట్టో తేల్చే ఎన్నిక. ప్రయారిటీ 1 నుంచి 15 దాకా ఇవ్వచ్చు. అన్నిటికీ మామూలుగా 1 ఉంటుంది కాబట్టి మనం పట్టించుకోకపోతే తక్కువ మ్యాక్ అడ్రస్ (తయారీలోనే ఇచ్చే గుర్తింపు నంబరు) ఉన్న పెట్టె పెద్దరికం కొట్టేస్తుంది. పైదానికి 15, దాని కిందదానికి 14 ఇచ్చాం. ఇచ్చినంత మాత్రాన ఉన్న లీడర్ దిగిపోడు, మన నాయకుల్లాగే! స్టాక్ మొత్తం రీలోడ్ (రీస్టార్ట్) కొట్టాల్సిందే.

లేచాక 'షో స్విచ్' కమాండ్ కొడితే మూడింటి ఎదురుగా 'రెడీ'. పెట్టెలు కరెంటు పంచుకోడానికి వేసే స్టాక్‌పవర్ కేబుళ్లు వచ్చే వారం, స్టోర్సువాళ్లు దయతలిస్తే.