కీటో 9వ వారం: మళ్లీ ఆ 24వ కిలోమీటరే

అన్నం, పిండిపదార్థాలు మానేసి కొవ్వు ఎక్కువగా తినే కీటోలో ఉంటూ దూరపు పరుగుకి పోవడం ఇది నాలుగో ఆదివారం. నాలుగోసారి కూడా ఆగింది అక్కడే. ఈసారి 24.1 దగ్గర, ఇంటికి ఇంకా ఆరు కిలోమీటర్లు ఉందనగా తొడలు కొయ్యబారిపోయాయి. నొప్పి లేదు, కండరాలు పట్టెయ్యలేదు, కళ్లు తిరగలేదు. పరిగెట్టమంటే కాళ్లు వినవు, అంతే. కాలువ గట్టు మీద కొబ్బరిచెట్టుకు చేరగిలబడితే అరటిగెలల ఆటో ఒకటి ఆగింది. "ఏమైందండి బాబూ, ఎక్కండి. గెలలు నలక్కుండా ఆ మూల కూర్చోండి" అన్నాడాయన. రావులపాలెం మార్కెట్‌కి పోయే బండి. పిండిపదార్థాలు మానేసినవాణ్ణి గెలల మధ్య ఇరుక్కుని ఇంటికొచ్చాను. టీషర్టుకి అంటిన అరటి కర మూడు ఉతుకులైనా వదల్లేదు.

బరువు 76.8 నుంచి 71.4కి వచ్చింది, 21 కిలోమీటర్లు ఉప్పునీళ్లతోనే హాయిగా అయిపోతున్నాయి. మంచి వార్తలు అంతే.

ఇక లెక్కలు. తెల్లారి 4:45కి మొదలుపెట్టాను. ఆత్రేయపురం వైపు వెళ్లి వెనక్కి రావడం. (శనివారం వద్దనుకున్నాను, వాడపల్లి వెంకన్న భక్తుల రద్దీలో పరుగు కాదు కదా నడవడమే కష్టం.) 24.1 కిలోమీటర్లకు 2 గంటల 43 నిమిషాలు, అంటే 6:45 పేస్ (కిలోమీటరుకి 6 నిమిషాల 45 సెకన్లు). బరువు 71.4 నుంచి 69.3కి దిగింది, తాగింది 1.2 లీటర్లు. అంటే చెమటగా పోయింది దాదాపు 3.3 లీటర్లు. రక్తంలో కీటోన్లు (కొవ్వు నుంచి ఒంట్లో తయారయ్యే ఇంధనం) పరుగుకు ముందు 1.1, తర్వాత 2.3. షుగర్ ముందు 86, తర్వాత 81. ఇక్కడే నాకు పిచ్చెక్కుతోంది. షుగర్ పడిపోతే సరే అనుకోవచ్చు. అది పడలేదు, కీటోన్లు ఉన్నాయి, మరి కాళ్లకేమైంది?

మొదటి అనుమానం ఉప్పు మీద. కీటోలో ఇన్సులిన్ తగ్గడంతో కిడ్నీలు సోడియాన్ని ఎక్కువగా వదిలేస్తాయి, దానికి తోడు మన డెల్టా ఉక్క. మొదటి రెండుసార్లు అర టీస్పూను ఉప్పే వేసుకున్నాను. మూడోసారి పూర్తి టీస్పూను, అంటే 2.3 గ్రాముల సోడియం. నాలుగోసారి ముందురోజు రాత్రి ఎముకల సూప్ కూడా తాగాను. తేడా సున్నా. మెడికల్ షాపు ఓఆర్‌ఎస్ జోలికి పోలేదు, లీటరు ప్యాకెట్‌లో 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటుంది.

రెండోది కొబ్బరిబోండం. మొదటిసారి దారిలో ఒకటి తాగాను, దాని తీపికి కీటోసిస్ (ఒళ్లు కీటోన్ల మీద నడిచే స్థితి) చెడిందేమో అనుకుని తర్వాత మానేశాను. అదీ కాదు. కోనసీమలో ఉంటూ బోండం మానేయడమంత దండగ ఇంకోటి లేదు, పైగా ఫలితమూ లేదు. మూడోది ఎండ. రెండో ఆదివారం ముసురు పట్టి చల్లగానే ఉంది, అయినా 23.9 దగ్గర ఆగిపోయాను.

మిగిలింది పేస్. ఏప్రిల్లో అన్నం తింటూ ఇదే 6:45కి గుండె వేగం సగటున 143. ఇప్పుడు ఐదు కిలోలు తగ్గి కూడా 151. (పోలార్ ఛాతీ బెల్టు లెక్క ఇది. చేతి వాచీలను నేను చెమటలో నమ్మను.) ఒక లీటరు ఆక్సిజన్‌తో పిండిపదార్థం కాలితే 5 కేలరీలు వస్తాయి, కొవ్వు కాలితే 4.7. అంటే అదే వేగానికి 6 శాతం ఎక్కువ ఆక్సిజన్ కావాలి. 143కి 6 శాతం కలిపితే 151 దాటుతుంది! అంత సూటిగా ఉండదని తెలుసు, అన్నం తిన్నప్పుడు కూడా కొంత కొవ్వు కాలుతుంది. కానీ 2017లో క్రీడా పోషకాహార పరిశోధకురాలు లూయిస్ బర్క్ బృందం రేస్ వాకర్ల మీద చేసిన అధ్యయనంలోనూ ఇదే తేలింది. కీటో గుంపు కొవ్వును బాగా కాల్చింది, కానీ ఆక్సిజన్ ఖర్చు పెరిగి వాళ్ల టైమింగ్ మాత్రం మెరుగుపడలేదు. 1983లో ఫిన్నీ అనే పరిశోధకుడు ఐదుగురు సైక్లిస్టులను నాలుగు వారాలు కీటోలో ఉంచితే, అలసిపోయేదాకా తొక్కిన సమయం 147 నిమిషాల నుంచి 151 అయింది. వాళ్లు తొక్కింది మధ్యస్థ వేగంలో.

అయినా 24 దగ్గరే ఎందుకు? నా ఊహ ఇది. కండరాల్లో మిగిలిన కాస్త గ్లైకోజన్‌ని (దాచుకున్న పిండిపదార్థాన్ని) ఈ వేగం కిలోమీటరుకి ఇంత చొప్పున గీకేస్తోంది, 24 దగ్గర గిన్నె ఖాళీ. మూడోసారి మొదటి ఐదు కిలోమీటర్లు 6:20లో లాగాను. ఆ రోజు అన్నిటికన్నా ముందే, 23.5కే ఆగిపోయాను. ఇది ఊహకు సరిపోతోంది.

ఎంసీటీ ఆయిల్ (త్వరగా కీటోన్లుగా మారే కొవ్వుల నూనె) కొనమని ఒకరిద్దరు చెప్పారు. కొబ్బరినూనెలో సగం దాకా ఉండే లారిక్ ఆమ్లం అంత త్వరగా కీటోన్లుగా మారదు, నిజమే. కానీ నాకు కీటోన్ల కొరత లేదు కదా, గానుగ కొబ్బరినూనె చాలు. కొవ్వు కోసమైతే పులస తినొచ్చు, ఆ ధరకి రెండు జతల షూ వస్తాయి.

వచ్చే ఆదివారం 7:30 పేస్‌లో పోతాను, తక్కినవన్నీ ఇలాగే. 24 దాటితే సమస్య వేగానిదే. ఆపై ఆదివారం మళ్లీ 6:45, కానీ 18 దగ్గర ఒక చక్రకేళి. రెండూ ఒకేసారి మార్చను, మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. కీటోన్ స్ట్రిప్పులు మూడే మిగిలాయి. వాటిలో రెండు ఆ అరటిపండు తినే ఆదివారానికి దాచుకోవాలి.